శిక్షకు ముందు శిక్షణ

కాజీపేట నుండి డోర్నకల్లు పోవు రైలుమార్గమున మహబూబాబాదు పేరుగల స్టేషను. మహబూబాబాదు అను పేరు కాగితములమీదను, మానుకోట అను పాతపేరు జనుల నాలుకలమీదను నేటికిని నిలిచియున్నవి. 2010 మే 28వ తేదీన ఆ స్టేషనులో పట్టాలక్రింది కంకర గాలిలోనికి లేచినది. ప్రత్యేక తెలంగాణోద్యమము ముమ్మరముగా సాగుచున్న దినములవి. ఓదార్పుయాత్రకై రైలులో వచ్చుచున్న వై.ఎస్. జగన్మోహనరెడ్డిగారిని పోలీసులు త్రోవలో వంగపల్లి వద్దనే ఆపివేసిరి. అయినను ఆయనకు స్వాగతమీయ వచ్చినవారును, ఆయనను అడుగు పెట్టనీయమనువారును మానుకోటలో ఎదురెదురు పడిరి. రాళ్లు రువ్వుకొనిరి. కాల్పులు జరిగినవి. పలువురు గాయపడిరి.

ఆ తగవులోని న్యాయాన్యాయములు వేరొక చర్చకు చెందినవి. ఇచ్చట తలపవలసినది అట్టి రెండు సమూహముల నడుమ లాఠీ చేతబట్టి నిలుచు సామాన్య కానిస్టేబులు గతి. గుంపును చెదరగొట్టుటకు శాసనము ఒక క్రమమును విధించినది. మేజిస్ట్రేటో, ఠాణా అధికారియో, ఆయన లేనిచో సబ్-ఇన్‌స్పెక్టరు హోదాకు తగ్గని వాడో మొదట చెదరిపొండని ఆజ్ఞాపింపవలెను. ఆ ఆజ్ఞను పాటింపనప్పుడే బలప్రయోగము. కాగితముమీద ఇది రెండు వాక్యములు. కంకరరాయి చెవి ప్రక్కనుండి పోవుచుండగా ఆ రెండు వాక్యములు జ్ఞప్తికి రావలెనన్నచో వానిని చదివియుండుట చాలదు. శరీరమునకు అలవాటు చేసియుండవలెను. తుపాకి ఎత్తుట సులభముగనే అలవడును. ఎత్తిన తుపాకిని దించుట నేర్చుటకే కాలము పట్టును.

కానిస్టేబులుకు మన రాష్ట్రమున ఒసగు ప్రాథమిక శిక్షణ సుమారు తొమ్మిదినెలలు; సబ్-ఇన్‌స్పెక్టరుకు ఒక సంవత్సరము. ఐ.టి.ఐ.లో విద్యుత్తు పని నేర్చు బాలుడు రెండు సంవత్సరములు చదువవలెను. తీగె ముట్టుకొనుటకు రెండేండ్లు, మనిషి భుజముమీద చేయి వేయుటకు తొమ్మిదినెలలు! తీవ్రమైన నేరములలో వారంటు లేకయే అరెస్టుచేయు అధికారమును శాసనము ‘ఏ పోలీసు అధికారికైనను’ ఇచ్చినది. అందులో నిన్న మొన్న చేరిన కానిస్టేబులును ఉన్నాడు. అధికారము మొదటి దినముననే పూర్తిగా చేతికి వచ్చును. వివేకమునకు మాత్రము వాయిదాలు.

పూర్వము ఈ మాత్రపు శిక్షణయు లేదనుట నిజము. నిజాము రాజ్యములో ఊరి శాంతిభద్రతలు పోలీసు పటేలు చేతిలో నుండెడివి. అది వంశపారంపర్యమైన పదవి. తండ్రి పోయినచో కొడుకు పటేలగును. అతనికి పరీక్ష లేదు, పాఠశాల లేదు. ఊరిలో ఎవరి గొడ్డు ఎవరి చేనిలో పడినదో, ఎవరి ఇంట ఎవరితో పగ యున్నదో అతనికి కంఠోపాఠము. ఆ తెలివి దొరతనమునకు ఊడిగము చేసినంతగా ఊరికి చేయలేదని తెలంగాణపు ముసలివారు చెప్పుదురు. 1984లో పటేలు, పట్వారీ పదవులు రద్దయినవి. మంచిదే జరిగినది. కాని ఊరి గుట్టు తెలిసిన మనిషి పోయి, ఊరి పేరైనను తెలియని యువకుడు వచ్చినప్పుడు, ఆ వెలితిని పూరింపవలసిన భారము శిక్షణమీద పడినదని అప్పుడు తలచినవారు తక్కువ.

బ్రిటిషు ఇండియాలో ఈ ఆలోచన ముందే పుట్టినది. 1902లో నియమింపబడిన ఫ్రేజరు కమిషను పోలీసుల అసమర్థతకు శిక్షణ లోపమును ఒక ముఖ్యకారణముగా ఎత్తి చూపినది. స్వాతంత్ర్యానంతరము 1971లో నియమింపబడిన గోరే సంఘము, పోలీసు శిక్షణలో కవాతునకు ఉన్న పెద్దపీటను ప్రశ్నించి, మనస్తత్వమునకును సమాజ పరిజ్ఞానమునకును చోటీయవలెనన్నది. ఆ సంఘమునకు అధ్యక్షుడు పోలీసు అధికారి కాదు, సాంఘిక శాస్త్రవేత్త. ఐ.పి.ఎస్. అధికారులను తీర్చిదిద్దు జాతీయ పోలీసు అకాడమీ 1948లో ఆబూ పర్వతమున వెలసి, 1975లో హైదరాబాదునకు వచ్చినది. పై మెట్టువారికి అంత శ్రద్ధ. ఠాణా గడపలో మొదట ఎదురగు వాడు మాత్రము క్రింది మెట్టువాడు. పల్లెవాసి జీవితకాలములో చూచు ప్రభుత్వమంతయు తరచుగా ఆ ఒక్క కానిస్టేబులే.

మానుకోట ప్రాంతమునకు దగ్గరి పోలీసు శిక్షణ కళాశాల వరంగల్లు చెంతనున్న మామునూరులో కలదు. తెల్లవారకముందే పరుగు, వ్యాయామము, కవాతు, ఆయుధముల అభ్యాసము; తరువాత శాసన పాఠములు. కవాతును తేలికచేసి మాటలాడుట ఈనాడొక వాడుక. అది న్యాయము కాదు. పదిమందితో కలిసి అడుగు వేయనేర్వనివాడు గుంపుముందు ఒంటరియై భయపడును. భయపడినవాడే ముందుగా కొట్టును. కాని తొమ్మిదినెలలలో దేహము తీసికొను పాలు తీసికొన్నపిదప బుద్ధికి మిగులునదెంత?

2024 సంవత్సరపు సంగతి చూడుడు. ఆ యేడు ఫిబ్రవరిలో తెలంగాణమున వేలమంది కానిస్టేబుళ్ల శిక్షణ ప్రారంభమై నవంబరులో ముగిసినది. నడుమ జూలై 1వ తేదీన భారత శిక్షాస్మృతి పోయి భారతీయ న్యాయసంహిత వచ్చినది. క్రిమినలు ప్రొసీజరు కోడు, సాక్ష్య చట్టము సైతము మారినవి. చేరిననాడు హత్య 302వ సెక్షను, బయటికి వచ్చుసరికి 103. మోసము 420 నుండి 318కి తరలినది. (మోసగానిని ‘ఫోర్ ట్వెంటీ’ అని తిట్టు అలవాటు మాత్రము తెలుగువారికి ఇంకొక తరమువరకు పోదు.) అంకెలు మారుట చిన్నమాట. సోదా చేయునప్పుడు దృశ్యమును చిత్రీకరింపవలెననియు, ఏడేండ్లు, ఆపైన శిక్షపడు నేరములలో ఫోరెన్సిక్ నిపుణులు స్థలమును దర్శింపవలెననియు కొత్త శాసనము విధించినది. ఆ నిపుణులు వచ్చువరకు నేరస్థలమును కాచువాడెవడు? కానిస్టేబులే. నెత్తుటి మరకను తొక్కకుండ నిలుచుటయు ఒక విద్యయే.

మానుకోటకు ఇది పుస్తకములోని మాట కాదు. 2020 అక్టోబరులో ఆ పట్టణమున తొమ్మిదేండ్ల బాలుడొకడు ఇంటివద్ద నుండి అపహరింపబడెను. డబ్బుకై తలిదండ్రులకు వచ్చిన పిలుపులు ఇంటర్నెట్టు ద్వారా వచ్చినవి. ఫోను నంబరును బట్టి, టవరును బట్టి మనిషిని పట్టు పాత ఉపాయములు అచ్చట పారలేదు. సైబరు నిపుణుల తోడ్పాటుతో పోలీసులు కొద్ది దినములలోనే నిందితుని పట్టుకొనిరి. 2023లో మహబూబాబాదు న్యాయస్థానము అతనికి మరణశిక్ష విధించినది. కాని బాలుడు అపహరింపబడిన కొలదికాలములోనే హతుడైనట్లు విచారణలో తేలినది. కావున ఎంత శిక్షణ యున్నను ఆ పసివాడు దక్కెడివాడని చెప్పుట ఆ తలిదండ్రుల దుఃఖమును వాదమునకు వాడుకొనుట యగును. చెప్పదగినది వేరు. నేరగాడు చేతిలోని ఫోనుతో నేర్చుకొన్న విద్యను, చిన్న పట్టణపు ఠాణాలోని కానిస్టేబులు ఎచ్చట నేర్చుకొనును? నిపుణులు నగరమునుండి వచ్చులోపల కరగిపోవు గంటలు ఎవరి లెక్కలోనివి?

విదేశములలో ఈ కాలమానము ఏకరీతిగా లేదు. నార్వేలో పోలీసు విద్య మూడేండ్ల పట్టము. జర్మనీలో రెండున్నర మొదలు మూడేండ్లు. అమెరికాలో సగటున ఇరువది వారములకు కొంచెము అటునిటు, ఆపైన కొంతకాలము అనుభవజ్ఞుని వెంట తిరుగుట. మన తొమ్మిదినెలలు అమెరికాకంటె ఎక్కువే గదా యని తృప్తిపడువారు ఆ దేశపు పోలీసు కాల్పులమీద అచ్చటివారే చేయు ఆందోళనను గూడ తలచుకొనవలెను.

అయితే నెలలను పెంచినంత మాత్రమున పని కాదు. కళాశాలకు బదిలీ యైనచో అధికారులు దానిని శిక్షగా భావించు అలవాటు శాఖలో పాతది. సంస్కృతమున ‘శిక్ష’ యనగా నేర్పుటయే. మన కార్యాలయములు ఆ రెండర్థములను ఒక్కచోటనే సార్థకము చేసినవి. అట్లు మనసులేక వచ్చినవాడు నేర్పు పాఠము ఎట్లుండును? ఆపైన ఠాణాలో అడుగుపెట్టిన నాడే పాతకాపు ఒకడు, “అక్కడ చెప్పినయన్ని అక్కడనే మరచిపో తమ్మీ, ఇక్కడి పని వేరే” అని రెండవ పాఠశాల తెరచును. మొదటిది తొమ్మిదినెలలు, రెండవది ముప్పదియేండ్లు. ఏది గెలుచునో చెప్పనక్కరలేదు.

అందుచే తొమ్మిదినెలలకు తరువాత ఒక సంవత్సరమైనను కొత్తవానిని ఒంటరిగా విధికి పంపక, మంచిపేరుగల ఠాణాలను ఎంచి, అందు ఓర్పుగల హెడ్‌కానిస్టేబులుకు అప్పగింపవలెను. నేర్పినందుకు ఆ పెద్దకు కొంత భత్యము, నేర్వనిచో చిన్నవానికి విధిలో ఖాయము లేకుండుట అను నియమములు రెండును ఉండవలెను. ఖాళీలు ఇన్ని యుండగా ఇది ఎట్లు సాగునని ఠాణా అధికారులు అడుగుదురు. బందోబస్తునకు మనుషులు చాలని మాట వాస్తవమే. కాని పచ్చికుండలో నీరు పోసినచో కుండయు నిలువదు, నీరును నిలువదు.

ఆ సంవత్సరములో నేర్పవలసినవానిలో పుస్తకములలో కానరానిదొకటి కలదు. మహబూబాబాదు జిల్లా తండాల జిల్లా. గూడూరు, కొత్తగూడ, గంగారము వైపు కోయవారి గూడెములును కలవు. లంబాడీ బాస తెలుగునకు చుట్టము కాదు. కోయ చుట్టమేయైనను తెలుగువానికి అర్థము కాదు. తండానుండి ఒక వృద్ధురాలు, కొడుకును ఎవరో కొట్టిరని చెప్పుటకు ఠాణాకు వచ్చినదనుకొనుడు. ఆమెకు సంతలో బేరమాడునంత తెలుగు వచ్చును. దుఃఖము చెప్పుకొనునంత రాదు. బల్లవద్ద కూర్చున్న యువకునికి ‘యాడీ’ యని, తల్లీ యని, ఆమె భాషలో పిలుచుటకు ఒక్క మాట వచ్చినచో ఆమె కూర్చుండును. రానిచో, తోడువచ్చిన పెద్దమనిషి ఆమె బదులు మాటలాడును. ఒక్కొక్కప్పుడు ఆ పెద్దమనిషియే కొట్టినవానికి బంధువు.

ఆమె చెప్పినదంతయు వ్రాసికొని, వ్రాసినదానిని ఆమెకు చదివి వినిపించి, పిమ్మట వ్రేలిముద్ర తీసికొని, ప్రతి ఒకటి ఉచితముగా ఇయ్యవలెనని శాసనము. పాత శాసనములో ఉన్నది, కొత్త శాసనములోను ఉన్నది. యువకుడు తెలుగులో వ్రాయును, తెలుగులో చదువును. ఆమె తల ఊపును. ఏ భాషలో చదివి వినిపింపవలెనో ఆ సెక్షనులో వ్రాయలేదు.