మంచూరియాకు ఆ ఎరుపు ఎక్కడిది?

గత చలికాలంలో ఒకనాటి సాయంత్రం, మగ్రిబ్ నమాజు తరువాత పాఠానికి కూర్చున్న పిల్లలలో ముగ్గురి నాలుకలు ఎర్రగా కనిపించాయి. ఒకడి వ్రేళ్ళయితే గోరింటాకు పండినట్లున్నాయి. వుజూ చేసినా, సబ్బుతో రుద్దినా ఆ రంగు వదలలేదు. ఏమి తిన్నారని అడిగితే తలలు వంచుకుని, “మంచూరియా, హజ్రత్” అన్నారు.

ఆ బండి ఎవరిదో నాకు తెలుసు. దానిని నడిపే యువకుడు మా మదరసాలోనే నాజిరా పూర్తి చేసినవాడు. తండ్రి లేడు. తల్లినీ, పెళ్ళి కావలసిన ఇద్దరు చెల్లెళ్ళనూ ఆ బండి మీదనే పోషిస్తున్నాడు. కనుక “అక్కడ తినకండి” అని పిల్లలకు చెప్పి ఊరుకోవడానికి నాకు మనసొప్పలేదు. అలాగని చూసీ చూడనట్లు ఊరుకోవడమూ సాధ్యం కాలేదు.

పేరును బట్టి ఇది చైనా వంటకమని చాలామంది అనుకుంటారు. మంచూరియా చైనాకు ఈశాన్య దిక్కున ఉన్న ప్రాంతమే గాని, ఈ వంటకం అక్కడిది కాదు. కలకత్తాలో స్థిరపడిన చైనా కుటుంబంలో పుట్టిన నెల్సన్ వాంగ్ అనే వంటవాడు 1975లో బొంబాయిలోని క్రికెట్ క్లబ్ ఆఫ్ ఇండియాలో దీనిని మొదలుపెట్టాడని ప్రసిద్ధి. వెల్లుల్లి, అల్లం, పచ్చిమిర్చి మన పద్ధతిలోనే వేయించి, గరం మసాలాకు బదులు సోయా సాస్ పోసి, మొక్కజొన్న పిండితో చిక్కబరిచి, అందులో కోడిమాంసం ముక్కలు వేశాడు. మాంసం స్థానంలో కాలీఫ్లవర్, క్యాబేజీ చేరాక అది ఊరూరా బండ్ల మీదికి దిగింది. ఒకటి గమనించాలి. సోయా సాస్ వలన ఈ వంటకానికి సహజంగా వచ్చేది ముదురు గోధుమ రంగు. కణకణలాడే ఎరుపు తరువాత వచ్చి చేరినదే.

ఆ ఎరుపు సంగతి మన పొరుగు రాష్ట్రంలో ప్రభుత్వం దాకా వెళ్ళింది. కర్ణాటక ఆహార భద్రతాధికారులు 171 గోబీ మంచూరియా నమూనాలను పరీక్షిస్తే, 107 నమూనాలలో సురక్షితం కాని కృత్రిమ రంగులు బయటపడ్డాయి. 2024 మార్చి 11న ఆ రాష్ట్ర ఆరోగ్యశాఖ మంత్రి దినేశ్ గుండూరావు వాటిని నిషేధించినట్లు ప్రకటించారు. టార్ట్రజీన్, సన్‌సెట్ యెల్లో, కార్మోయిసిన్ అనేవి ఆ రంగుల పేర్లు. కొన్ని మిఠాయిలకూ, ఐస్‌క్రీములకూ చట్టం వీటిని పరిమితికి లోబడి అనుమతిస్తుంది. కాని బండి వద్ద గరిటె కొనతో వేసేవాడికి కొలత ఎక్కడిది? అదే సమయంలో పీచు మిఠాయిలో దొరికిన రోడమైన్-బి అయితే బట్టలకు అద్దే రంగు. ఆహారంలో దానికి ఏ పరిమితిలోనూ అనుమతి లేదు.

మరునాడు అస్ర్ నమాజు తరువాత ఆ యువకుణ్ణి పిలిపించాను. అతడు బుకాయించలేదు. జేబులోంచి చిన్న పొట్లం తీసి నా ముందు పెట్టాడు. దాని మీద ఏమి కలిపారో లేదు, ఎక్కడ తయారయిందో లేదు. “రంగు లేకుండా నాలుగు రోజులు అమ్మి చూశాను, హజ్రత్. నిన్నటి సరుకు అమ్ముతున్నావా అని అడిగారు. ప్రక్క బండికి పోయారు” అన్నాడు. కాసేపాగి, “నా సంపాదన హలాల్ కాదంటారా?” అని అడిగాడు.

ముప్ఫయి ఏళ్ళుగా ఫిఖ్‌హ్ బోధిస్తున్నాను. క్రయవిక్రయాల అధ్యాయంలో లోపాన్ని దాచి అమ్మడం గురించి ఎన్నోమార్లు చెప్పాను. అయినా ఆ ప్రశ్నకు వెంటనే నోరు పెగలలేదు. దైవప్రవక్త (స) ఒకమారు బజారులో ధాన్యపు రాశిలోకి చేయి పోనిచ్చి, లోపలి తేమను పట్టుకున్న ఉదంతం హజ్రత్ అబూహురైరా (రజి) ఉల్లేఖించగా సహీహ్ ముస్లింలో ఉంది. వానకు తడిసిందని వర్తకుడు చెప్పుకున్నాడు. అలాగైతే జనానికి కనిపించేలా తడిసినది పైనే ఎందుకు ఉంచలేదని ఆయన ప్రశ్నించారు, మోసాన్ని తీవ్రంగా నిరసించారు. ఆ ఉదంతాన్ని అతడికి గుర్తు చేశాను. అతడు విన్నాడు, తల ఊపాడు. కాని సాయంత్రానికి స్టవ్వు వెలిగించాలి గదా. హదీసు చెప్పి పంపేస్తే నా పని తీరుతుంది, అతడి పని తీరదు.

అప్పుడు నాకు తోచింది ఒక్కటే. మనం ఉన్నది పల్నాడులో. జనవరి దాటితే సత్తెనపల్లి చుట్టుప్రక్కల కల్లాలన్నీ మిర్చితో ఎర్రబడతాయి. గుంటూరు యార్డుకు లారీల మీద లారీలు ఎరుపును మోసుకుపోతాయి. ఇటువంటి ఊళ్ళో ఎరుపును పొట్లంలో కొనుక్కోవడమేమిటి?

ఒక శుక్రవారం మదరసా వంటశాలలోనే ప్రయత్నించాము. నా భార్య చెప్పగా నేనూ కొంత నేర్చుకున్నాను. మన సన్నరకం మిర్చికి ఘాటు ఎక్కువ. రంగు చాలినంత వేస్తే పిల్లలు తినలేరు. అందుకని గింజలు తీసిన మన మిర్చి ఒక వంతు, ముడతలు పడిన బ్యాడిగి మిర్చి రెండు వంతులు తీసుకుని, వేడినీళ్ళలో అరగంట నానబెట్టి మెత్తగా రుబ్బాము. అసలు కీలకం ఇక్కడే ఉంది. మిర్చిలోని ఎరుపు నీళ్ళలో కరగదు, నూనెలో కరుగుతుంది. రుబ్బిన ముద్దను నేరుగా సాసులో కలిపితే రంగు మందకొడిగా ఉంటుంది. నూనెలో సన్నని మంట మీద, నూనె అంచులు ఎర్రగా విడివడే దాకా వేయిస్తే చూడముచ్చటగా వస్తుంది. బీట్‌రూట్ రసమూ వేసి చూశాము గాని, పెద్ద మంటకు అది మట్టిరంగుకు తిరిగింది.

ఇంట్లో చేసుకునే సోదరీమణుల కోసం కొలతలు చెబుతాను. అరకిలో కాలీఫ్లవర్‌ను ఉప్పు, పసుపు వేసిన వేడినీళ్ళలో మూడు నిమిషాలుంచి, తీసి, బట్ట మీద తడి లేకుండా ఆరబెట్టాలి. ఈ పనిలో తొందరపడితే కరకరలాడటం గురించి మరచిపోవచ్చు. మైదా, కార్న్‌ఫ్లోర్ చెరి అరకప్పు (పసుపుపచ్చని మొక్కజొన్న పిండి కాదు, తెల్లని మెత్తటి పొడి), కొంచెం అల్లం వెల్లుల్లి ముద్ద, ఉప్పు వేసి, చల్లని నీళ్ళతో గరిటె జారుగా కలపాలి. ఎక్కువసేపు గిలకొట్టవద్దు, మైదా సాగి పూత మెత్తబడుతుంది. నూనెలో రెండుమార్లు వేయించాలి. మొదట మధ్యస్థపు మంట మీద తెల్లగానే తీసేసి పది నిమిషాలు వదిలేయాలి. లోపలి తేమ పైకి వస్తుంది. తరువాత పెద్ద మంట మీద రెండు నిమిషాలు వేయిస్తే ఆ తేమ ఎగిరిపోయి పూత గట్టిపడుతుంది.

సాసుకు రెండు చెంచాల నూనెలో సన్నగా తరిగిన వెల్లుల్లి, అల్లం, పైన చెప్పిన మిర్చి ముద్ద రెండు చెంచాలు వేయించి, ఉల్లికాడలు, క్యాప్సికం వేయాలి. సోయా సాస్ ఒకటిన్నర చెంచా, టమాటా సాస్ రెండు, సిర్కా ఒకటి, తీపికి బెల్లం తురుము రెండు చెంచాలు. తేనె వేసేవారు స్టవ్వు ఆర్పాక వేయండి. సోయా సాస్‌లోనే ఉప్పు ఉంటుంది గనుక రుచి చూశాకే ఉప్పు. చివర చెంచాడు కార్న్‌ఫ్లోర్ అరకప్పు నీళ్ళలో కలిపి పోస్తే నిగనిగలాడుతూ చిక్కబడుతుంది.

మా మొదటి ప్రయత్నం విఫలమయింది. ముక్కలన్నీ సాసులో కలిపేసి దేగ్చాలో మూత పెట్టి ఉంచాము. ఇషా తరువాత పిల్లలకు వడ్డించేసరికి అది కాలీఫ్లవర్ హల్వా అయింది. పాపం, పిల్లలు మర్యాదకు బాగుందన్నారు. రెండవమారు సాసు వేరుగా, ముక్కలు వేరుగా ఉంచి, వరుసలో పిల్లవాడు నిలబడ్డాకే కలిపాము. అప్పుడు వినిపించింది కరకర.

సీసాల గురించి కూడా పాఠకులు అడుగుతూంటారు. సిర్కాను దైవప్రవక్త (స) ఇష్టంగా స్వీకరించి మెచ్చుకున్నట్లు హజ్రత్ జాబిర్ (రజి) ద్వారా మనకు తెలుసు. మద్యం స్వభావం పూర్తిగా మారి సిర్కా అయితే, దానిని మనిషే మార్చినా హనఫీ ఫుఖహాలు ధర్మసమ్మతమంటారు. తానంతట తాను మారితేనే అని షాఫయీల అభిప్రాయం. మన దుకాణాలలో చవకగా దొరికేది చాలావరకు అసిటిక్ ఆమ్లానికి నీరు కలిపిన సింథటిక్ వెనిగర్ కనుక అక్కడ ఈ చర్చకే తావు లేదు. టేస్టింగ్ సాల్ట్ విషయంలో 2001లో ఇండోనేషియాలో పెద్ద కలకలం రేగింది. దానిని తయారుచేసే సూక్ష్మజీవులకు ఆహారం సిద్ధపరచడంలో పంది నుండి తీసిన ఎంజైము వాడారని తేలి, అజినోమోటో సంస్థ తన సరుకును వెనక్కి తీసుకోవలసి వచ్చింది. నేను దానిని వాడవద్దనే చెబుతాను, ఆ పాత కథ వలన కాదు, వెల్లుల్లి, సోయా ఉన్న చోట దాని అవసరం లేదు గనుక. ఇక సీసాలలో వచ్చే ఎర్రని చిల్లీ సాస్ కొనేముందు చీటీ చదవండి. పొట్లం వద్దనుకుని సీసాలో అదే రంగు కొనుక్కునే ప్రమాదముంది.

ఆ యువకుడు మా వంటశాలకు మూడు శుక్రవారాలు వచ్చాడు. ఇప్పుడు బండి మీద, గిరాకీకి ఎదురుగా, మిర్చి ముద్ద గాజు సీసాలో పెట్టుకుంటున్నాడు. రంగు తగ్గిందేమని అడిగినవారికి ఆ సీసా చూపిస్తాడు. ఖర్చు పెరిగింది, ప్లేటు ధర ఐదు రూపాయలు పెంచాడు. మామూలు రోజుల్లో అమ్మకం మునుపటి కంటే తక్కువే ఉందని మొన్న చెప్పాడు. ఆదివారాలు ఫరవాలేదట. పొట్లం మాత్రం మళ్ళీ కొనలేదన్నాడు. రమజాన్ సాయంత్రాలు వస్తే గాని లెక్క తేలదని అంటున్నాడు. అప్పటికి బ్యాడిగి మిర్చి ఒక బస్తా కలిసి కొందామని మదరసా వంటవాడూ అతడూ మాట్లాడుకుంటున్నారు.