పెరట్లో చపటా, చేతులకో గది

నాపరాళ్లు మన నేలలోనే ఉన్నాయి. పనిముట్లు ఏ ఊరి బజారులోనైనా దొరుకుతాయి. అడిగితే నేర్పే మేస్త్రీలున్నారు. మన మధ్యతరగతి ఇళ్లలో లేనిదల్లా చేత్తో పని చేసుకునేందుకు ఓ చోటు.

ఇంటి ప్లాను గీయించుకునేటప్పుడు పూజగది ఈశాన్యంలో పడిందా, వంటగది ఆగ్నేయం తప్పిందా అని ఒకటికి రెండుసార్లు చూసుకుంటాం. కారుకీ, చెప్పుల స్టాండుకీ, ఇన్వర్టర్‌కీ చోటు వదులుతాం. రంపం, సుత్తి, డ్రిల్లింగ్ మిషన్ ఎక్కడుండాలన్న మాట మాత్రం ఎవరి నోటా రాదు. అవి మెట్ల కింద పాత పెయింటు డబ్బాల వెనక తుప్పు పడుతుంటాయి. కుర్చీ కాలు ఊగినా, వానాకాలం తలుపు ఉబ్బి బిగుసుకున్నా ఫోనందుకుని మనిషిని పిలుస్తాం. అతను వచ్చేదాకా ఆ కుర్చీని గోడకి ఆనించి వాడుకుంటాం.

మొదట్నుంచీ ఇలా లేదు. రైతు ఇంటి చూరులో కొడవలి, బాడిస, ఉలి దోపి ఉండేవి. నాగలికి చిన్న మరమ్మతు వస్తే పశువుల కొట్టంలోనే అయిపోయేది. 1937లో వార్ధా సమావేశంలో గాంధీజీ నయీ తాలీమ్ గురించి చెబుతూ, చదువు చేతిపనిలోంచే రావాలన్నారు. ఆ ఆలోచన మన బడుల్లోకి క్రాఫ్ట్ పీరియడ్‌గా వచ్చింది. కొన్నిచోట్ల నూలు వడకడం నేర్పారు, కొన్నిచోట్ల చెక్కపని. మార్కులు లేని పీరియడ్ కాబట్టి మెల్లగా లెక్కలకో సైన్సుకో ఇచ్చేశారు. చేతిపని చదువు రానివాళ్లదనే భావం అప్పటికే మనలో పాతుకుపోయి ఉంది. బడి దాన్ని ఖాయం చేసింది.

మనవాళ్లే అమెరికా వెళ్లాక పరిస్థితి తిరగబడుతుంది. అక్కడ పనివాడి కూలి గంటల లెక్కన ఉంటుంది, అదీ తక్కువేం కాదు. దాంతో టెక్సాస్‌లోనో న్యూజెర్సీలోనో ఉన్న మన కుర్రాడు గ్యారేజీలో బెంచీ వేసుకుని, శని ఆదివారాల్లో పెరట్లో రాళ్లు పరుచుకుంటాడు. చూడ్డానికి వెళ్లిన తల్లిదండ్రులు ఆశ్చర్యపోతారు, ఫొటోలు తీసి బంధువులకు పంపుతారు. అదే పని ఖమ్మంలోనో కడపలోనో చేస్తే “మేస్త్రీ దొరకలేదా?” అని పక్కింటివాళ్లు జాలిపడతారు. ఆ జాలి పోవాలి. నేల చదును చేసి, రాయి పరిచి, దాని పక్కనే ఓ పనిగది వేసుకోవడం చదువుకున్నవాళ్లకు చిన్నతనం కాదు. ఇల్లు మనదన్న మాట అప్పుడే చేతికి తెలుస్తుంది.

ముందు చపటా

గదికంటే ముందు చపటానే వేయమంటాను. పొడుగాటి చెక్క కోయాలన్నా, గేటుకు రంగు వేయాలన్నా చిన్న గదిలో కుదరదు. గది ముందు చదునైన నేల ఉంటే సగం పని అక్కడే అవుతుంది. సాయంత్రం కుర్చీలు వేసుకుని కూర్చోవడానికీ అదే చోటు.

తెలుగు నేల మీద చపటా అంటే నాపరాయే. తాండూరు, బేతంచెర్ల, మాచర్ల, కడప... ఒక్కో ఊరి పేరుతో ఒక్కో బండ. తాండూరులో నీలిబూడిద రంగుదీ పసుపు ఛాయదీ దొరుకుతాయి. కడప బండ నలుపు. సరిహద్దు దాటితే కలబుర్గి జిల్లా షాబాద్. నిజాం కాలంలో తాండూరూ షాబాదూ ఒకే రాజ్యంలోవి. హైదరాబాద్ పాత ఇళ్లలో ఇప్పటికీ షాబాద్ బండలనే అంటారు. ఇదంతా సున్నపురాయి. కోట్ల ఏళ్ల కిందట లోతులేని సముద్రాల అడుగున పొర మీద పొర పేరుకుని గట్టిపడింది. అందుకే పొర వెంట ఉలి పెట్టి కొడితే పలకలా విడివడుతుంది. సిమెంటు ఫ్యాక్టరీలు తాండూరు, మాచర్ల, ఎర్రగుంట్ల చుట్టూ చేరింది కూడా ఈ సున్నపురాయి కోసమే. పరిచే బండా, దాన్ని అతికించే సిమెంటూ ఒకే రకం రాతి నుంచి వస్తున్నాయన్నమాట. రాళ్లు కొట్టడం, మట్టి తవ్వడం వృత్తిగా తరతరాలు బతికిన వడ్డెరల చెమట ఈ బండల వెనక ఉంది. కొనేటప్పుడు చదరపుటడుగుకు రూపాయి తగ్గించమని గీచి గీచి బేరమాడేముందు ఆ సంగతి గుర్తుండాలి.

బండల్ని లారీ నుంచి దించుకునేటప్పుడు ఒక్కోదాన్ని నిలబెట్టి సుత్తితో తట్టి చూడండి. ఖంగుమంటే గట్టిది. మందంగా పలికితే లోపలెక్కడో పొర విడిందని అర్థం, పక్కన పెట్టేయండి. బయట పరిచేదానికి పాలిష్ వద్దు, వానకి జారుతుంది. నల్లబండ ఎండకి కాలిపోయి ఏప్రిల్, మే నెలల్లో వట్టి కాళ్లతో అడుగు పెట్టనివ్వదు కాబట్టి చెట్టునీడ ఉన్నచోటే దాన్ని వాడాలి. ఇంకోటి, సున్నపురాయికి పులుపు పడదు. నిమ్మరసమో చింతపండు పులుసో ఒలికి అలాగే ఉండిపోతే మచ్చ మిగులుతుంది. బాత్రూమ్ యాసిడ్ పోస్తే బండ నురగ కక్కుతుంది. ఆ నురగ వస్తున్నంతసేపూ రాయి కరుగుతోందన్నమాట. సబ్బునీళ్లు చాలు.

మా పెరట్లో పని మొదలుపెట్టే ముందు అనుభవమున్న తాపీ మేస్త్రీ ఒకాయన్ని పిలిచి, పూర్తి కూలి ఇచ్చి, దగ్గరుండి నేర్పమని అడిగాను. బండలు చూపించబోతే ఆయన అటు తిరగనైనా లేదు.

“నీళ్లెటు పోవాలో ముందు చెప్పండి సార్. బండల సంగతి తర్వాత చూద్దాం.”

చపటా పని మొత్తం ఆ మాట చుట్టూనే తిరుగుతుంది. నీరు పల్లమెరుగు. ఆ పల్లం ఎటో మనం నిర్ణయించకపోతే గోడవైపో గుమ్మంవైపో అదే వెతుక్కుంటుంది. 12 అడుగుల పొడవు, 10 అడుగుల వెడల్పు చపటా అనుకుందాం. ఇంటిగోడ నుంచి బయటికి ఆ 10 అడుగుల్లో అంగుళంన్నర వాటం ఇవ్వాలి. అంతకంటే తగ్గితే నీళ్లు మడుగు కడతాయి, మరీ పెరిగితే కుర్చీ ఒరుగుతుంది. చపటా పైమట్టం ఇంటి లోపలి గచ్చు కంటే కనీసం 6 అంగుళాలు కిందుంటే వాన చిందులు గోడని తడపవు.

వాటం చూడటానికి ఖరీదైన పరికరాలేం అక్కర్లేదు. మేస్త్రీ తన సంచిలోంచి చుట్టచుట్టిన సన్నటి ప్లాస్టిక్ గొట్టం తీశాడు. దాన్నిండా నీళ్లు పోసి, వేలితో అక్కడక్కడా మీటుతూ లోపలి గాలిబుడగలన్నీ పైకి తెప్పించాడు. ఒక్క బుడగ మిగిలినా మట్టం తప్పు చెబుతుంది. ఒక కొస నా చేతికిచ్చి గోడ దగ్గర నిలబెట్టి, రెండో కొస పట్టుకుని అవతలి మేకు దగ్గరికి వెళ్లాడు. రెండు కొసలూ తెరిచే ఉండాలి. నీళ్లు కాసేపు కిందికీ మీదికీ ఊగి నిలకడపడ్డాక రెండుచోట్లా గీత గీశాం. ఆ రెండు గీతలూ ఒకే మట్టం. అవతలి గీతకు అంగుళంన్నర కింద ఇంకో గీత పెట్టి దారం కట్టాం. ఇక చేయాల్సిందల్లా ఆ దారం మాట వినడమే.

మూలలు సరిగ్గా ఉన్నాయో లేదో తేల్చడానికి బడిలో నేర్చిన లెక్కే చాలు. మూల నుంచి ఒకవైపు 3 అడుగులు, రెండోవైపు 4 అడుగులు కొలిచి గుర్తులు పెడితే వాటి మధ్య 5 అడుగులు రావాలి. మొత్తం గీశాక రెండు కర్ణాలూ కొలవాలి. 12కి 10 చపటాకి రెండూ 15 అడుగుల ఏడున్నర అంగుళాల దగ్గర కలిస్తే మూలమట్టం కుదిరినట్టే.

తవ్వకం ఇక్కడ 7 అంగుళాలు. నల్లరేగడి అయితే ఇంకా లోతుకి పోవాలి. ఆ మట్టి వానకి ఉబ్బుతుంది, ఎండకి నెర్రెలిస్తుంది, మీదున్న బండని ఊరికే ఉండనివ్వదు. దాన్ని తీసేసి మొరం నింపాల్సిందే. 4 అంగుళాల మొరాన్ని రెండు పొరలుగా పోసి, నీళ్లు చిలకరించి, ఒక్కో పొరనీ దిమ్మిసతో కొట్టాలి. ఒళ్లు హూనమయ్యే పని ఇదే, తొందరపడకూడనిదీ ఇక్కడే. కుంగిన చపటాల్లో చాలావాటికి జబ్బు ఈ దిమ్మిస పనిలోనే ఉంటుంది.

మొరం మీద అంగుళంన్నర క్రషర్ డస్టు పరిచి బద్దతో లాగాలి. కొందరు ఇసుక వాడతారు. ఇసుకని చీమలు తోడేస్తాయి, డస్టు పట్టుకుని కూర్చుంటుంది కాబట్టి నా ఓటు డస్టుకే. సిమెంటు మాలు మీద పరవడం మనకు అలవాటు. కారు ఎక్కేచోట అది కావాలి కూడా. మనుషులు నడిచే పెరటికి మాత్రం పొడి పరుపే మేలని గట్టిగా చెబుతాను. అంగుళంన్నర మందం బండ అయితే అది చాలు. తేడా వస్తే బండ లేపి సరిచేసుకోవచ్చు. వాననీళ్లలో కొంతైనా సందుల్లోంచి నేలలోకి దిగుతాయి. 2002 నాటి వాల్టా చట్టం వాననీటిని ఒడిసిపట్టాలంటే మనం ఇంటి చుట్టూ అంగుళం వదలకుండా కాంక్రీటు పోసి, ఎండాకాలం రాగానే బోరు ఎండిందంటాం. ఇంకుడు గుంత తవ్వి, చపటా వాటం అటే ఇస్తే ఒకే పనితో రెండూ తీరతాయి.

రెండడుగుల చదరపు బండలు ఈ చపటాకి 30 పడతాయి. ఒక్కోటి 35 కిలోలు దాటుతుంది కాబట్టి ఒక్కరే ఎత్తకూడదు. నిలబెట్టి, ఒక మూల మీద తిప్పి, మరో మూల మీద తిప్పి నడిపించాలి. దింపేటప్పుడు వేళ్లు కింద పడకుండా గడ్డపార కొసని ఆసరా పెట్టాలి. కూర్చోబెట్టాక రబ్బరు సుత్తితో నడిమధ్యా, నాలుగు మూలలా తట్టండి. ఎక్కడైనా డొల్లగా మోగితే కింద ఖాళీ ఉంది. లేపి, తాపీతో కాస్త డస్టు వేసి, మళ్లీ పెట్టండి. బండకీ బండకీ మధ్య పావు అంగుళం సందు వదిలి, చివర్లో పొడి డస్టు చల్లి చీపురుతో ఊడిస్తే సందులు నిండుతాయి. చుట్టూ నిలువురాళ్లు కాంక్రీటులో పాతడం మరవద్దు. అంచు లేని చపటా రెండు వానలకే పక్కలకి జారుతుంది. ఆ కాంక్రీటు కలిపేటప్పుడు రబ్బరు తొడుగులు వేసుకోండి. తడి సిమెంటు క్షారం, అది చర్మాన్ని కాలుస్తుంది. రోజూ వట్టి చేతులతో కలిపే కూలీల అరచేతులు చూస్తే ఆ సంగతి తెలుస్తుంది. వాళ్లని పనికి పిలిచినప్పుడు కూడా ఆ తొడుగులు మనమే కొనివ్వాలి.

తర్వాత గది

10 అడుగుల పొడవు, 8 అడుగుల వెడల్పు ఉంటే పనిగదికి చాలు. కిటికీ ఉత్తరానికి పెట్టుకుంటే ఏడాదిలో ఎక్కువ కాలం నేరుగా ఎండ పడదు, గీత స్పష్టంగా కనిపించే వెలుగు రోజంతా ఉంటుంది. రేకుల కప్పయితే గోడకీ రేకుకీ మధ్య జానెడు ఖాళీ వదిలి జాలీ కొట్టాలి. వేడిగాలి పైనుంచి పోతుంది. రేకు మీద తెల్లరంగు వేస్తే లోపల వేడి తగ్గుతుంది. తెలంగాణ ప్రభుత్వం 2023లో తెచ్చిన కూల్ రూఫ్ విధానంలోని కిటుకూ ఇదే.

గదికి ప్రాణం బెంచీ. మన వడ్రంగులు నేల మీద కూర్చుని, కాలితో చెక్కని అదిమిపట్టి పని చేసేవాళ్లు. ఆ ఒడుపు చిన్నప్పటి నుంచీ అలవాటైనవాళ్లకే వస్తుంది. మనకి నిలబడి చేసే బెంచీ నయం. చేతులు వేలాడేసి నిలబడితే మణికట్టు ఎంత ఎత్తులో ఉందో బెంచీ అంతే ఉండాలి. అప్పుడే చిత్రిక పట్టేటప్పుడు ఒంటి బరువంతా చెక్క మీద పడుతుంది. ఆకురాయితో ఇనుము అరగదీసే పనికి మాత్రం వైస్ మూతి మోచేతి ఎత్తుకి రావాలి. పైచెక్క రెండంగుళాల మందం ఉండాలి. కొత్త టేకు కొననక్కర్లేదు. పాత ఇళ్లు పడగొట్టినచోట దూలాలు, ద్వారబంధాలు దొరుకుతాయి. దశాబ్దాలుగా ఆరిన ఆ చెక్క ఇక వంకర పోవడం అరుదు. వేపైనా తుమ్మైనా పర్వాలేదు. బెంచీ కాళ్లు మట్టిలో దిగకుండా ఒక్కోదాని కిందా మిగిలిన నాపరాయి ముక్క పెట్టండి. చెదలు కనపడకుండా పైకెక్కే దారి మూసుకుపోతుంది.

సామాన్లు ఒక్కసారే కొనేయాలన్న ఉబలాటం వద్దు. రంపం, రెండు ఉలులు, సుత్తి, మూలమట్టం, రసమట్టం, స్క్రూడ్రైవర్లు, పట్టకారు, ఓ డ్రిల్లింగ్ మిషన్. మిగతావి పని అడిగినప్పుడు కొనుక్కోవచ్చు. గోడకి ప్లైవుడ్ కొట్టి, ఒక్కో పనిముట్టునీ తగిలించి దాని చుట్టూ పెన్సిల్‌తో గీత గీస్తే తిరిగి పెట్టనిదేదో చూడగానే తెలుస్తుంది. కోస్తా ఊళ్లలో ఉప్పుగాలికి ఇనుము నిలవదు, వాడిన ప్రతిసారీ మిషన్ నూనె గుడ్డతో తుడవాలి.

కరెంటు విషయంలో మాత్రం సొంత తెలివి పనికిరాదు. లైసెన్స్ ఉన్న ఎలక్ట్రీషియన్‌తోనే విడిగా లైను లాగించి, మంచి ఎర్తింగ్ వేయించి, 30 మిల్లీ ఆంపియర్ల ఆర్‌సీసీబీ పెట్టించండి. మనిషి ఒంట్లోంచి కరెంటు నేలకి పోతుంటే రెప్పపాటులో లైను తెంచేది అదే. గ్రైండర్ పట్టినప్పుడు లుంగీ, కండువా, చున్నీ, వేలాడే జుట్టు ఏవీ దరిదాపుల్లో ఉండకూడదు. నిమిషానికి 11,000 చుట్లు తిరిగే చక్రం గుడ్డపోగుని పట్టుకుందంటే వెనక్కి తగ్గే వ్యవధి ఉండదు. పని కనపడటం లేదని దాని గార్డు ఊడదీయడం మనవాళ్లకి బాగా అలవాటు. ఆ అలవాటు మీద నాకు నిజంగా కోపం. రాయి కోసేటప్పుడు నీళ్లు పోస్తూ, కళ్లద్దాలూ ఎన్95 మాస్కూ పెట్టుకోవాలి. గ్రానైట్ దుమ్ములో సిలికా ఎక్కువ, అది ఊపిరితిత్తుల్లో చేరితే తిరిగి రాదు.

పిల్లల్ని ఆ గదిలోకి రానివ్వండి. అబ్బాయినే కాదు, అమ్మాయినీ. మొదట ఇసుక కాగితం చేతికివ్వండి, తర్వాత రంపం. గ్రైండర్‌కి ఇంకా చాలా ఏళ్లుంది.

మొదలుపెట్టడానికి మంచి కాలం కార్తీకం. నేలలో తేమ మిగిలి ఉంటుంది కాబట్టి గడ్డపార దిగుతుంది, మొరం దిమ్మిసకి బాగా పట్టు ఇస్తుంది. ఎండలు ముదిరేలోపు చపటా, గది రెండూ తయారవుతాయి. జూన్‌లో తొలకరి పడగానే గొడుగు పట్టుకుని పెరట్లోకి వెళ్లండి. నీళ్లు నిలిచిన బండలేవో చూసి గుర్తు పెట్టుకోండి. వాన వెలిశాక వాటిని లేపి, కింద డస్టు సరిచేసి, సుత్తితో తట్టి కూర్చోబెట్టండి.