ఒకే కొండలో రెండు సొరంగాలు

అల్జీరియా తీరంలోని బెజాయా నగరాన్ని రోమన్లు సాల్డే అనేవారు. క్రీ.శ. 2వ శతాబ్దంలో ఆ ఊరికి మంచినీళ్ళు తేవడానికి పడమటి కొండల్లోని ఊటల నుంచి సుమారు 21 కిలోమీటర్ల కాలువ తలపెట్టారు. దారిలో ఒక కొండ అడ్డొచ్చింది. దాన్ని తొలుచుకుని 428 మీటర్ల సొరంగం వెయ్యాలి. పని త్వరగా తెమలాలని రెండు జట్లను చెరో వైపున దింపారు. అవి నడిమధ్య కలుసుకోవాలి. తవ్వారు, తవ్వారు, తవ్వుతూనే ఉన్నారు. చివరికి రెండు వైపులా తవ్విన పొడవు కలిపి చూస్తే కొండ వెడల్పునే మించిపోయింది. అయినా ఒక జట్టు రెండో జట్టుకు తగల్లేదు.

ఈ సంగతి మనకు తెలిసింది ఒక శాసనం వల్ల. అది 1866లో లాంబేసిస్ అనే పాత సైనిక స్థావరం దగ్గర దొరికింది. చెక్కించినవాడు నోనియస్ దాతుస్. ఉత్తర ఆఫ్రికాను కాపు కాసిన మూడవ ఆగస్టా లీజియన్‌లో అతను 'లిబ్రాటర్', అంటే నేల మట్టాలు కొలిచే నిపుణుడు. రోమన్ కట్టడాల మీద ఎక్కువగా చక్రవర్తుల పేర్లు, పాలకుల బిరుదులు కనిపిస్తాయి. పని ఎక్కడ చెడిందో, ఎలా చక్కబడిందో స్వయంగా ఇంజనీరే చెప్పుకున్న రాయి అరుదు.

దాతుస్ చెప్పిన కారణం ఒక్క వాక్యంలో ఇమిడిపోతుంది. పడమటి జట్టు కుడికి, అంటే దక్షిణానికి జరిగింది. తూర్పు జట్టు కూడా తన కుడికే జరిగింది. అయితే దాని ముఖం పడమటికి కాబట్టి కుడి అంటే ఉత్తరం. ఇద్దరూ ఒకే తప్పు చేశారు, కానీ ఎదురెదురు దిక్కులకు పోయారు.

ఆ తప్పు ఎంత చిన్నదైనా సరిపోతుందో లెక్క వేసి చూద్దాం. 428 మీటర్లలో సగం 214. ఒక జట్టు ఒక్క డిగ్రీ పక్కకు ఒరిగితే, సగం దూరం పోయేసరికి అసలు గీతకు దాదాపు 3.7 మీటర్లు దూరమవుతుంది. రెండు జట్లూ అలాగే ఒరిగితే రెండు గీతల మధ్య ఏడు మీటర్లకు పైగా దూరం మిగిలిపోతుంది. ఇంతకన్నా పెద్ద చిక్కు ఇంకొకటి ఉంది. ఇద్దరూ సమాన కోణంలో కుడికి ఒరిగితే రెండు సొరంగాలూ సమాంతర రేఖలవుతాయి. అవి ఇక ఎంత దూరం తవ్వినా కలవవు.

రోమన్లకు పనిముట్లు లేక ఇలా జరగలేదు. తిన్నని గీతల కోసం 'గ్రోమా' ఉండేది. నిలువు కర్ర మీద అడ్డంగా అమర్చిన శిలువ ఆకారం, దాని నాలుగు కొసల నుంచి దారాలతో వేలాడే గుండ్లు. ఎదురెదురు దారాల వెంట కన్ను సారించి దూరపు గుంజలను వరుసలో నిలిపేవారు. దాని ఇనుప భాగాలు 1912లో పాంపేయిలో బయటపడ్డాయి. మట్టం కోసం 'కొరోబేటిస్' ఉండేది. విట్రూవియస్ చెప్పినదాని ప్రకారం అది 20 అడుగుల పొడవైన బల్ల. మన తాపీమేస్త్రీ తూకం గుండు పట్టినట్టే దాని రెండు చివర్లా దారాలు వేలాడదీసి, కాళ్ళకు గీసిన గీతలతో సరిచూసేవారు. గాలికి దారాలు ఊగితే, బల్ల పైభాగంలో 5 అడుగుల గాడి తీసి నీళ్ళు పోసి చూసేవారు. ఇలాంటి పరికరాలతోనే ఫ్రాన్స్‌లోని నీమ్ నగరానికి 50 కిలోమీటర్ల కాలువ తెచ్చారు. మొదటి నుంచి చివరి దాకా దాని వాలు పన్నెండున్నర మీటర్లే. కిలోమీటరుకు సగటున పాతిక సెంటీమీటర్లన్నమాట.

సొరంగంలో చిక్కేమిటంటే గుంజలన్నీ కొండపైన ఉంటాయి, తవ్వేవాడు కింద చీకట్లో ఉంటాడు. పైనున్న గీతను లోపలికి దింపడానికి అతనికి ఆధారం వెనకనున్న సొరంగం నోరే. వెనక్కి తిరిగితే ఆ వెలుతురు తిన్నగా కనబడాలి. ఒకసారి వంపు వచ్చాక ఆ వెలుతురు మరుగవుతుంది, ఇక తప్పు మీద తప్పు పేరుకుంటుంది. సాల్డే పనికి ఆరేడు వందల ఏళ్ళ ముందే గ్రీకు ఇంజనీరు యూపాలినోస్ దీనికి ఉపాయం కనిపెట్టాడు. సామోస్ దీవిలో 1,036 మీటర్ల సొరంగం రెండు వైపుల నుంచి తవ్విస్తూ, మధ్యకు వచ్చేసరికి దారిని కావాలనే వంచాడు. ఎందుకంటే ఒకే తలంలో ఉన్న రెండు గీతలు సమాంతరం కాకపోతే ఎక్కడో ఒకచోట ఖండించుకోక తప్పదు.

కాబట్టి రోమన్ల ప్రత్యేకత సొరంగం తవ్వే నేర్పులో కన్నా, ఆ నేర్పును దాచిపెట్టుకున్న చోటులో ఉంది. ఆ చోటు సైన్యం. సుమారు అయిదు వేల మంది ఉండే లీజియన్‌లో సర్వేయర్లు, కమ్మరులు, రాతి పనివాళ్ళు, సున్నం కాల్చేవాళ్ళు, గాజు పనివాళ్ళు ఉండేవారు. వాళ్ళకు మిగతా సైనికులు చేసే బరువు పనుల నుంచి మినహాయింపు ఉండేది. బయట అలాంటి మనుషులు దొరకడం కష్టం. బిథీనియా గవర్నర్ ప్లినీ ఒక సరస్సును సముద్రంతో కలిపే కాలువ కోసం లిబ్రాటర్‌ను పంపమని ట్రాజన్ చక్రవర్తికే రాయవలసి వచ్చింది. డాన్యూబ్ ప్రాంతపు గవర్నర్‌ను అడగమని చక్రవర్తి జవాబిచ్చాడు.

సాల్డే పరిస్థితీ అంతే. ఆ రాష్ట్రంలో లీజియన్ లేదు. దాతుస్ మొదట వచ్చి మట్టాలు కొలిచి, కొండమీద గీత గుర్తించి, నక్షా అప్పటి పాలకుడు పెట్రోనియస్ సెలెర్ చేతికిచ్చి తన స్థావరానికి వెళ్ళిపోయాడు. నక్షా మిగిలింది గానీ దాన్ని రోజూ సరిచూసే కన్ను మిగల్లేదు. పదేళ్ళకు పైగా గడిచాక, అప్పటికే పదవీ విరమణ చేసిన అతన్ని మళ్ళీ పంపమని కొత్త పాలకుడు వేరియస్ క్లెమెన్స్ లీజియన్ అధిపతికి ఉత్తరం రాశాడు. దారిలో దొంగలు పడి దోచుకున్నారు. ఒంటి మీద బట్ట లేకుండా, గాయాలతో దాతుస్ సాల్డే చేరాడు. అక్కడ అందరూ పని వదిలేద్దామనే నిస్పృహలో ఉన్నారు.

అతను ముందు తప్పు ఏ దిక్కులో ఉందో తేల్చాడు. ఆపైన ఎవరు ఎంత తవ్వాలో వాటాలు పంచి, నౌకాదళ సైనికులకూ గెసాటే అనే సహాయక దళానికీ పోటీ పెట్టాడు. జట్లు కలిశాయి, నీళ్ళు పారాయి, క్లెమెన్స్ కాలువను ప్రారంభించాడు. లాంబేసిస్ శాసనం మీద క్లెమెన్స్ ఉత్తరం కూడా ఉంది. తనను పిలిపించారన్న దానికీ, మొదటి కొలతలు తనవేనన్న దానికీ దాతుస్ చూపించిన సాక్ష్యం అది.

పరికరం ఎంత నిక్కచ్చిదైనా, పని సాగినన్నాళ్ళూ కొలిచేవాడు పక్కనుంటేనే దానికి విలువ. సాల్డేలో చెడింది గ్రోమా కాదు, సర్వేయరు పక్కన లేకుండానే తవ్వకం సాగనిచ్చిన ఏర్పాటు.