ఫొటోలోని ఈగ శత్రువా... మిత్రుడా?
మందు కొట్టే ముందు రైతు చూడాల్సిన ఆనవాళ్లు

గుంటూరు: పైరుపై వాలిన చిన్న ఈగను సెల్‌ఫోనులో ఫొటో తీసి పురుగుమందుల దుకాణంలో చూపించే రైతులు ఉమ్మడి గుంటూరు, ప్రకాశం జిల్లాల్లో ఎందరో ఉన్నారు. అది పైరును తినేదా, పైరును తినే పురుగును తినేదా అన్నది తేల్చుకోకుండా మందు కొడితే నష్టపోయేది రైతే.

1980 దశకంలో పత్తిపై సింథటిక్ పైరిథ్రాయిడ్ మందులు విచ్చలవిడిగా చల్లడంతో మిత్రపురుగులు నశించి తెల్లదోమ విజృంభించింది. పంట పోయి, అప్పులపాలైన రైతులు 1987-88లో ఈ జిల్లాల్లో ఆత్మహత్యలకు పాల్పడ్డారు. 2021లో మిరపను ముంచిన నల్లతామర పురుగు సైతం వరుస పిచికారీలకు లొంగలేదు.

రెక్కలు లెక్కించాలి: తేనెటీగ, కందిరీగలకు రెండు జతల రెక్కలుంటే, ఈగకు ఒక్క జతే ఉంటుంది. వాటి వెనుక గుండుసూదుల వంటి చిన్న అవయవాలు కనిపిస్తాయి.

సిర్ఫిడ్ ఈగ: పొట్టపై పసుపు, నలుపు పట్టీలుంటాయి. గాలిలో ఒకేచోట నిలిచి ఎగురుతుంది. ఎదిగిన ఈగ మకరందం, పుప్పొడి తింటుంది. పేనుబంకను తినేది దీని పిల్లపురుగే. దానికి కాళ్లుండవు, తలవైపు మొన తేలి ఉంటుంది. దీనిని శనగపచ్చ పురుగుగా పొరబడరాదు. శనగపచ్చ పురుగుకు తల, కాళ్లు స్పష్టంగా ఉంటాయి.

పొడుగు కాళ్ల ఈగ: లోహపు మెరుపుతో ఆకుపచ్చగా ఉండి ఆకులపై చురుగ్గా తిరుగుతుంది. మెత్తని శరీరం గల చిన్న పురుగులను తింటుంది.

రాబర్ ఈగ: రెండు కళ్ల నడుమ గుంట, ముఖంపై గడ్డం వంటి వెంట్రుకలుంటాయి. ఎగిరే పురుగులను పట్టి రసం పీలుస్తుంది. తేనెటీగలనూ వదలదు.

ఫొటో ఇలా తీయాలి: పురుగులు మందకొడిగా ఉండే ఉదయపు చల్లని వేళ అనువైనది. పైనుంచి రెక్కలు, పక్కనుంచి కాళ్లు, ఎదుటినుంచి ముఖం కనిపించేలా కనీసం మూడు ఫొటోలు తీయాలి. అదే ఆకు అడుగుభాగాన్నీ ఫొటో తీస్తే పేనుబంక, పిల్లపురుగులు ఉన్నదీ లేనిదీ తెలుస్తుంది.

మంచి ఫొటోతో ఈగ ఏ కుటుంబానికి చెందినదో సాధారణంగా చెప్పవచ్చు. కచ్చితమైన జాతి తేలాలంటే పలు సందర్భాల్లో నమూనాను సూక్ష్మదర్శిని కింద పరిశీలించాల్సిందే. అనుమానముంటే ఫొటోలతోపాటు చిన్న సీసాలో పురుగును కూడా లాం ఫారం లేదా సమీప కృషి విజ్ఞాన కేంద్రం శాస్త్రవేత్తలకు చూపించాలి. వారు చెప్పిన తరువాతే మందు సంగతి ఆలోచించడం రైతుకు మేలు.