గాలిపలకకు శీతకాలపు విశ్రాంతి

పిల్లలూ! నీటిమీద నిలబడి తెడ్డుతో నడుపుకొనే పలకను మీలో కొందరైనా చూసి ఉంటారు. దాన్ని ప్యాడిల్ బోర్డు అంటారు. అందులో గాలి నింపే రకం ఒకటి ఉన్నది. గాలి తీసేస్తే చాపలాగా చుట్టి సంచిలో పెట్టుకోవచ్చు. గాలి కొడితే పదిన్నర అడుగుల పొడవున చెక్కలాగా బిగుసుకుంటుంది. అమెరికాలోని మిన్నెసోటా రాష్ట్రంలో పది ఎకరాలూ అంతకు మించీ ఉన్న సరస్సులే 11,842 ఉన్నవి. వేసవి వస్తే వాటిమీద ఈ పలకలు కనబడతాయి. అటువంటి చలిదేశాలలో ఉంటున్న మన తెలుగు పిల్లలకోసం ఈ వ్యాసం రాస్తున్నాను. ఇక్కడివారు పేజీ తిప్పనక్కరలేదు. ఇందులోని లెక్క మీ సైకిలు ట్యూబుకు కూడా పనికివస్తుంది.

డిసెంబరు నాటికి అక్కడి సరస్సులు గడ్డకడతాయి. ఏప్రిల్ దాకా పలకకు పని ఉండదు. ఆ నాలుగైదు నెలలూ దాన్ని సరిగా ఉంచకపోతే, వచ్చే ఏడు సరస్సు నడుమ మీ కాళ్ళకింద అది మెత్తబడిపోవచ్చు. మంచు కరిగిన కొత్తలో ఆ నీళ్ళు ఎంత చల్లగా ఉంటాయో అక్కడివారికి చెప్పనక్కరలేదు.

ముందు దాని కడుపులో ఏమున్నదో చూద్దాం. బెలూను ఊదితే గుండ్రంగా ఉబ్బుతుంది కదా, ఈ పలక చదునుగా ఎలా ఉంటుంది? పైబట్టకూ కిందిబట్టకూ మధ్య ఒకే పొడవుగల పాలియెస్టరు దారాలు వేలకొద్దీ నిలువుగా నేసి ఉంటాయి. గాలి రెండు బట్టలనూ ఎడంగా నెడుతుంది. దారాలు ఆరంగుళాల దగ్గర పట్టి ఆపుతాయి. ఇటువంటి నేతతోనే 1956లో గుడ్‌యియర్ కంపెనీవారు గాలి నింపి ఎగరేసే చిన్న విమానం ఒకటి చేశారు!

ఆ దారాలమీద ఎంత బరువు పడుతుందో తెలుసునా? పలకలో చదరపు అంగుళానికి 15 పౌన్ల ఒత్తిడితో గాలి నింపారనుకోండి. పలక పైభాగం సుమారు 3,200 చదరపు అంగుళాలు ఉంటుంది. రెండూ హెచ్చవేయండి. 48,000 పౌన్లు, అనగా 21,000 కిలోల పైమాట! అంచుల అతుకులు కూడా రాత్రింబవళ్ళు ఈ గాలిని కాస్తూ ఉండవలసిందే. అందుచేత పని లేని కాలంలో గాలి తీసివేయటం మంచిది.

గాలి తీయకుండా చలిలో వదిలేస్తే ఇంకొక చిక్కు ఉన్నది. ఇది కొంచెం నిదానంగా చదవండి. పంపుమీది ముల్లు 15 చూపితే, బయటి గాలి ఒత్తిడికంటె లోపల 15 ఎక్కువ ఉన్నదని అర్థం. బయటి గాలిది కూడా దాదాపు 15 కనుక, లోపలి మొత్తం 30. వేడిమిని సెంటీగ్రేడులో కొలిచి 273 కలిపితే వచ్చే అంకెను బట్టి ఈ మొత్తం పెరుగుతుంది, తగ్గుతుంది. 27 డిగ్రీల రోజున ఆ అంకె 300. సున్నాకు దిగువ 23 డిగ్రీల చలిలో 250. అప్పుడు 30 కాస్తా 25 అవుతుంది. బయటి 15 తీసేస్తే ముల్లు 10 మాత్రమే చూపుతుంది. ఎక్కడా చిల్లు పడలేదు, గాలి ఒక్క రవ్వ పోలేదు, అయినా పలక మెత్తబడింది!

ఇది తెలియనివాడు ఏం చేస్తాడు? "అయ్యో, గాలి పోయింది" అని ఆ చలిలోనే పంపు తెచ్చి మళ్ళీ 15కు కొడతాడు. ఎండలు వచ్చి 27 డిగ్రీలయ్యేసరికి, మీరే లెక్క వేసి చూడండి, ముల్లు 21 చూపుతుంది. నల్లని పలక ఎండలో పడి ఉంటే ఇంకా ఎక్కువ. తయారుచేసినవారు అచ్చువేసిన హద్దు 15 అయితే, అతుకు విచ్చుకోవటానికి అది చాలదా?

ఇక బట్టపైన ఉండే పూత పి.వి.సి. అనే ప్లాస్టిక్. మీ ఇంట్లో నీళ్ళగొట్టం కూడా ఆ జాతిదే. గొట్టం గట్టిగా ఉంటుంది. పలకపూతలో మెత్తదనం కోసం నూనెవంటి పదార్థం కలుపుతారు. చలిలో ఆ మెత్తదనం పోయి పూత బిరుసెక్కుతుంది. అప్పుడు మడిస్తే మడత దగ్గర పగులుతుంది. కాబట్టి వెచ్చని గదిలోనే, వదులుగా చుట్టండి. చలిగా ఉన్న గరాజులోంచి తెస్తే, పూట సేపు ఇంట్లో ఉంచిన తరువాత విప్పండి. ఇల్లు విశాలంగా ఉన్నవారు సగం గాలితో పరచి ఉంచినా తప్పులేదు. నా మటుకు నాకు మంచం కింద చుట్టే మేలనిపిస్తుంది. గరాజులో ఎలుకల బెడద కూడా ఉన్నది. చలికి అవి వెచ్చని గూడు వెతుక్కుంటాయి.

చుట్టేముందు మంచినీళ్ళతో, కాస్త సబ్బుతో కడిగి, నీడలో పూర్తిగా ఆరబెట్టండి. తడిగరిట తగిలిన ఆవకాయ ఏమవుతుందో మీ అమ్మమ్మనడగండి. తడిపలకకు కూడా ఆ బూజే పడుతుంది. మన తీరంలో జాలరులు తెప్పను ఒడ్డుకు లాగి దుంగలు ఆరబెట్టుకోవటం చూడలేదూ? తెడ్డు గొట్టంలో నీరుంటే వంచి పారపోయండి. నూరుపాళ్ళ నీరు గడ్డకడితే సుమారు నూటతొమ్మిది పాళ్ళవుతుంది. గొట్టం చీలిపోగలదు.

ఆరబెట్టటం సరస్సుకు కూడా మంచిది. జీబ్రా చారలుండే ఒక జాతి ఆలుచిప్పలు ఓడల నీటితో ఐరోపానుండి వచ్చి, 1988లో అమెరికా, కెనడాల నడుమనున్న సెయింట్ క్లెయిర్ సరస్సులో కనబడ్డాయి. మరుసటి ఏడే మిన్నెసోటాలోని డులూత్ రేవు చేరాయి. ఇవి నీటిగొట్టాలను పూడ్చివేస్తాయి, ఈదేవారి కాళ్ళు కోస్తాయి. వీటి పిల్లలు కంటికి కనబడవు. ఒక సరస్సు నుండి ఇంకొకదానికి పలకమీది తడిలోనే పోగలవు.

వసంతం వచ్చాక పలకను ముందు ఇంటిదగ్గరే పరీక్షించండి. పెద్దవారి సాయంతో గాలి కొట్టి, ముల్లు అంకె, గదిలోని వేడిమి రెండూ కాగితంమీద రాసుకోండి. మరునాడు అదే వేడిమి ఉన్నప్పుడు మళ్ళీ చూడండి. అంకె బాగా తగ్గితే గాలిమూత చుట్టూ, అతుకుల వెంట సబ్బునీళ్ళు రాయండి. బుడగలు మూత దగ్గర లేస్తే, పలకతో ఇచ్చిన తాళంతో దాన్ని కొద్దిగా బిగించి, మరల సబ్బునీళ్ళు రాసి చూడండి. అతుకు దగ్గర లేస్తే మాత్రం, అది బాగు చేయించేదాకా పలకను నీళ్ళలో దించరాదు.