పది బస్తాల బండికి పన్నెండు నెలల కిరాయి దొరికేనా?
దివిసీమ, గుడివాడ ప్రాంతాల్లో మినీ ట్రక్కుల లెక్క

మచిలీపట్నం: దిగువ కృష్ణా డెల్టాలో మినీ ట్రక్కులపై యజమానులకున్న మక్కువకు కారణాలు లేకపోలేదు. పెద్ద లారీ దిగలేని చెరువు గట్లకూ, కాలువ కట్టలకూ ఈ బండి వెళ్తుంది. క్లీనరు అవసరం అంతగా వుండదు. మొత్తం బరువు 3,000 కిలోలు దాటని సరుకు బండికి పర్మిట్ అక్కరలేదు. 7,500 కిలోల లోపు బండికి మామూలు లైట్ మోటారు లైసెన్సు చాలునని 2024 నవంబరులో సుప్రీంకోర్టు స్పష్టం చేసింది. అయితే కిరాయి కుదిరితేనే వాయిదా తీరుతుంది.

ధాన్యం కంటే చేపే మేలు

2005 మేలో వచ్చిన తొలి టాటా ఏస్‌కు రెండు సిలిండర్ల ఇంజను, 16 గుర్రాల శక్తి. మోసేది 750 కిలోలు. అంటే 75 కిలోల ధాన్యం బస్తాలు సరిగ్గా పది. సాధారణ రకం ధాన్యానికి 2025-26 మద్దతు ధర క్వింటాలుకు రూ. 2,369. ఆ లెక్కన లోడు విలువ రూ. 17,768 లోపే. ఇంత తక్కువ విలువగల సరుకు దూరపు కిరాయిని భరించలేదు. పైగా పొలం దగ్గర ట్రాక్టరు ట్రక్కుల పోటీ వుండనే వున్నది.

చేపలు, రొయ్యల సంగతి వేరు. సగం ఐసు వేసినా 375 కిలోల సరుకు పడుతుంది. దాని విలువ ధాన్యం కంటే ఎన్నో రెట్లు. ఆలస్యమైతే పాడవుతుంది కనుక కిరాయికి వెనుకాడరు. నందివాడ, కైకలూరు చెరువుల చేప పెద్ద లారీల్లో బెంగాలు, అస్సాంలకు పోతుంది. చెరువు నుంచి ప్యాకింగ్ వరకు చేర్చే పని చిన్న బండిదే. నాగాయలంక రొయ్యకూ అంతే. అయితే ఉప్పు నీటికి బాడీ తుప్పు పడుతుంది. ఆ ఖర్చునూ కలుపుకోవాలి.

గిలకలదిండి రేవులో మరో చిక్కున్నది. తూర్పు తీరంలో ఏటా ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 వరకు మర పడవల వేట నిషేధం. కిరాయిలు ఆ 61 రోజులు సన్నగిల్లినా బ్యాంకు వాయిదా ఆగదు.

రేషన్ బండ్ల పాఠం

2021 జనవరిలో ఇంటింటి రేషన్ పంపిణీకి రాష్ట్రంలో 9,260 బండ్లు రోడ్డెక్కాయి. ధరలో 60 శాతం సబ్సిడీ, 30 శాతం అప్పు, 10 శాతం లబ్ధిదారు వాటా. నెలనెలా వచ్చే ఆ నికర ఆదాయం 2025 జూన్ 1న పంపిణీ మళ్లీ చౌక డిపోలకు మారడంతో ఆగిపోయింది. ఆ బండి చేతికొచ్చినా, కాటాతో కూడిన మూత బాడీ చేపల ట్రేలకు అనుకూలం కాదు. మార్పు చేయించాలంటే మళ్లీ పెట్టుబడి కావాలి.

తయారీకి లోటు లేదు

బండ్ల తయారీ తెలుగునాట కొత్తది కాదు. హైదరాబాదు ఆల్విన్ సంస్థ 1980లలో నిస్సాన్ సహకారంతో జహీరాబాదులో తేలిక ట్రక్కులు చేసింది. ఆ ఫ్యాక్టరీ తర్వాత మహీంద్రా చేతికి వచ్చింది. 2016 నుంచి శ్రీసిటీలో ఇసుజు పికప్‌లు తయారవుతున్నాయి. 1,250 కిలోల తరగతి అశోక్ లేలాండ్ దోస్త్ 2011లో హోసూరు నుంచి వచ్చింది. పెద్ద బండికి వాయిదా కూడా పెద్దదే.

కాబట్టి కొనేవారు షోరూము ధర కంటే ముందు మూడు విషయాలు చూసుకోవాలి: ఏ సరుకు, వేట లేని రోజుల్లో ఏ కిరాయి, తిరుగు ప్రయాణంలో ఏ లోడు. ఈ మూడింటికీ జవాబున్న యజమానికే బండి కలిసివస్తుంది.