వయసు మళ్ళిన పిల్లికి కొత్త ఇల్లు

మానవునికీ పిల్లికీ గల సాహచర్యం నిన్న మొన్నటిది కాదు. మధ్యధరా సముద్రంలోని సైప్రస్ ద్వీపంలో ఒక మనిషి సమాధి చెంతనే పిల్లి అస్థిపంజరం బయల్పడిన సంగతిని పురాతత్త్వవేత్తలు 2004లో లోకానికి వెల్లడించారు. ఆ సమాధి సుమారు 9,500 సంవత్సరాల నాటిదని వారి నిర్ణయం. ధాన్యపు గాదెల దగ్గర ఎలుకల కోసం చేరిన జంతువు క్రమంగా మన పొయ్యి పక్కకు వచ్చి, ఇంటి మనిషివలె స్థిరపడింది. అంతటి ప్రాచీన స్నేహంలో ఎదురయ్యే ఒక చిక్కును ఈ వ్యాసంలో చర్చించదలిచాము. వయసు మళ్ళిన పెంపుడు పిల్లిని ఇక ఉంచుకోలేని పరిస్థితి వస్తే ఏమి చేయాలి?

ఇటువంటి పరిస్థితి అరుదైనదేమీ కాదు. ఉద్యోగికి దూరప్రాంతానికి బదిలీ అవుతుంది. కుమారులు గల్ఫ్ దేశాలలో స్థిరపడి తల్లిని తమ వద్దకు పిలిపించుకుంటారు. అద్దె ఇంటి యజమాని అభ్యంతరం చెబుతాడు. లేదా, పెంచిన పెద్దదిక్కే కన్నుమూస్తుంది. అటువంటప్పుడు పిల్లిని గోనెసంచిలో వేసి, ఊరవతలనో చేపల బజారు దగ్గరనో విడిచిరావడం మన ఊళ్ళలో చూస్తూనే ఉన్నాము. "పిల్లి ఏడిళ్ళు తిరిగే జంతువు, ఎక్కడైనా బ్రతుకుతుంది" అని సమాధానం చెప్పుకుంటారు.

ఆ సామెతను మనం అపార్థం చేసుకున్నామని చెప్పక తప్పదు. ఏడిళ్ళు తిరిగేది పిల్లలతల్లి. కూనలకు క్షేమమైన చోటు వెదకడానికే అది ఇల్లిల్లూ మారుస్తుంది. నిజానికి పిల్లి స్థలాన్ని గాఢంగా అంటిపెట్టుకొనే ప్రాణి. గడపకూ మంచపుకోడుకూ చెక్కిళ్ళు రుద్ది, అక్కడి గ్రంథుల ద్వారా తన వాసనను అంటిస్తుంది. ఆ వాసన ఉన్నచోట దానికి నిశ్చింత. పదేళ్ళు దాటిన పిల్లిని పశువైద్యులు వృద్ధదశకు చేరినదిగా పరిగణిస్తారు. ఇంటిపట్టున శ్రద్ధగా పెరిగినవి పదిహేనేళ్ళు, అంతకు మించి కూడా జీవిస్తాయి. కాని ఆ వయసులో కీళ్ళ నొప్పులు, పళ్ళ జబ్బులు, మూత్రపిండాల బలహీనత సామాన్యం. గోడ దూకలేని, ఎముక కొరకలేని అటువంటి ప్రాణిని బజారులో వదలడం ఆకలికి అప్పగించడమే అవుతుంది.

ఈ విషయంలో చట్టం మౌనంగా లేదు. సహేతుకమైన కారణం లేకుండా, ఆకలిదప్పులతో బాధపడే పరిస్థితులలో జంతువును విడిచిపెట్టడం 1960 నాటి జంతు హింసా నివారణ చట్టం 11వ సెక్షను ప్రకారం నేరం. 1976లో 42వ సవరణ ద్వారా రాజ్యాంగంలో చేరిన ప్రాథమిక విధులలో, జీవుల పట్ల కరుణ చూపడం ఒకటి.

మరి మార్గమేమిటి? మొదట పిల్లిని ఎరిగినవారి మధ్యనే వెదకాలి. మేమెరిగిన ఒక వీధిలో ఒంటరిగా ఉండే వృద్ధురాలు మరణించగా, ఆమె పిల్లి మూసిన తలుపు ముందే రోజుల తరబడి కూర్చున్నది. చివరకు దానిని తీసుకున్నది అప్పుడప్పుడు చేపతల వేస్తూ వచ్చిన ఎదురింటి ఇల్లాలు. ఆమె గొంతు దానికి ముందే పరిచితం. అటువంటివారు దొరకనప్పుడు కుక్కలు, దుడుకు పిల్లులు లేని నెమ్మదైన ఇంటిని ఎంచుకోవాలి. ముసలి పిల్లి స్వభావం ముందే తెలిసి ఉంటుంది, దాని అల్లరి తక్కువ, నిద్ర ఎక్కువ. వయసు మళ్ళిన మనుషులకు కూనకంటె అదే తగిన తోడు.

రెండవది, నిజం చెప్పడం. అప్పగించే ముందు పశువైద్యశాలలో పరీక్ష చేయించి, రేబీస్ టీకా వేయించాలి. నీరు అతిగా తాగుతున్నదా, బరువు తగ్గుతున్నదా అనే సంగతులు, దాని వయసు, ఇష్టానిష్టాలు దాచకుండా తెలపాలి. దాచి అప్పగించిన జబ్బు పదిరోజులలో బయటపడుతుంది. అప్పుడు ఆ పిల్లి రెండవసారి వీధిపాలు అవుతుంది. పాలన్నంతో సరిపెట్టవచ్చుననే భ్రమను కూడా తొలగించాలి. టారిన్ అనే పోషకాన్ని పిల్లి శరీరం తనకు చాలినంత తయారు చేసుకోలేదు. అది మాంసం, చేపల నుండి రావలసిందే. పైగా ఎదిగిన పిల్లులలో చాలావాటికి పాలు సరిగా జీర్ణం కావు.

మూడవది, మార్పును మెల్లగా జరపడం. పిల్లితోపాటు అది పడుకున్న పాత దుప్పటిని ఉతకకుండా పంపాలి. ఆ వాసనే దానికి ధైర్యం. మొదటి వారం ఒకే గదిలో ఉంచి, నీరు, అలవాటైన తిండి, అంచు తక్కువగల ఇసుక తొట్టి అమర్చాలి. మంచం కింద దాగితే లాగకూడదు. అయితే ఒక దినమంతా ఏమీ ముట్టకపోతే వైద్యునికి చూపించాలి. కొద్దిదినాల ఉపవాసంతోనే పిల్లి కాలేయానికి కొవ్వుపట్టి ప్రాణాపాయం కలుగవచ్చు. పాత ఇంటిని వెదకుతూ దారి తప్పే ప్రమాదం ఉన్నందున, కనీసం రెండు మూడు వారాలు బయటకు విడవరాదు.

చివరిది, మాట ఇవ్వడం. "మీకు కుదరకపోతే మాకే తిరిగి ఇవ్వండి" అని చెప్పి, కొంతకాలం యోగక్షేమాలు విచారించాలి.

విద్యార్థి మిత్రులారా! ముద్దులొలికే కూనను అడిగి తీసుకొనేవారు ఎందరో ఉంటారు. ముసలి పిల్లిని అడిగేవారు అరుదు. కనుక ఈ వెదకులాటకు వారాలు, ఒక్కొక్కప్పుడు నెలలు పట్టవచ్చు. మన ఇంట ఎలుకలు పట్టి, మన పిల్లల ఒడిలో పెరిగిన ప్రాణికి ఆ ఓపిక మనం పడిన బాకీ అని మేము భావిస్తున్నాము. కొత్త ఇల్లు దొరికేవరకు పాత ఇల్లే దాని ఇల్లు.